ఎముకల డాక్టరు చూసిన ఫిలిప్పీన్స్ డాన్సు

(హనుమకొండలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత మోసపోయామని అనుకోవద్దు. నాకు డాన్స్ రాదు. నేను ఎముకల డాక్టర్ని. పొద్దున్నుంచి రాత్రి దాకా జనం మోకాళ్ళు నొక్కి చూస్తూ బతికేవాణ్ణి. (నవ్వులు) మరి నన్నెందుకు పిలిచారంటే, నేను మెడిసిన్ చదివింది ఫిలిప్పీన్స్‌లో, డవావో అనే ఊళ్ళో. 2008లో వెళ్ళాను. అప్పటికే మన తెలుగు పిల్లలు అక్కడ ఉన్నారు, తర్వాత ఇంకా చాలామంది వచ్చారు. ఈ హాల్లో కూడా పిల్లల్ని అక్కడికి పంపినవాళ్ళు ఉండే ఉంటారు. ఏరీ, ఒకసారి చేతులెత్తండి. చూశారా, నలుగురున్నారు.

ఈ స్టేజీ పక్కన ఆ రెండు వెదురుబొంగులు ఏమిటని ఇందాక ఒక పెద్దాయన అడిగారు. షామియానా వాళ్ళు మర్చిపోయి వెళ్ళినవి కావండీ. నేనే మేదరి వాళ్ళ దగ్గర కొనుక్కొచ్చాను. వాటి సంగతి చివర్లో చూద్దాం.

అక్కడ మెడిసిన్‌లో చేరాలంటే ముందు ఒక డిగ్రీ ఉండాలి. ఆ డిగ్రీలో పీఈ తప్పనిసరి సబ్జెక్టు. పీఈ అంటే మనకేం తెలుసు? ఈల వేసే సారు, ఎండలో రెండు రౌండ్లు, ఆ తర్వాత ఎవరి దారిన వాళ్ళు. నేనూ అలాగే బూట్లు బిగించుకుని వెళ్ళాను. మేడం నా కాళ్ళకేసి చూసి బూట్లు విప్పమన్నారు. లోపల చూస్తే నేల మీద వెదురుబొంగులు జంటలు జంటలుగా పరిచి ఉన్నాయి. ఆ సెమిస్టర్‌కి మా పీఈ పేరు టినిక్లింగ్.

టిక్లింగ్ అనేది పొలాల్లో తిరిగే పొడుగు కాళ్ళ పిట్ట. వరి మళ్ళలో రైతులు పెట్టిన వెదురు ఉచ్చుల్ని తప్పించుకుంటూ అది వేసే గెంతుల్లోంచి ఈ ఆట పుట్టిందంటారు. లేటే అనే దీవి దీని సొంతూరు. ఇద్దరు ఎదురెదురుగా నేల మీద కూర్చుని రెండు బొంగుల కొసలు పట్టుకుంటారు. బొంగుల కింద అడ్డంగా ఒక చెక్క ఉంటుంది. బొంగుల్ని విడివిడిగా ఆ చెక్క మీద రెండుసార్లు కొడతారు. మూడోసారి రెండింటినీ దగ్గరికి లాగి ఒకదానికొకటి తాకిస్తారు. టక్, టక్, ఠాప్. టక్, టక్, ఠాప్. టక్కులకి కాళ్ళు లోపల ఉండాలి, ఠాప్‌కి బయట ఉండాలి. అంతే లెక్క. కాగితం మీద రాసిస్తే మూడో తరగతి పిల్లాడికి కూడా అర్థమవుతుంది.

నా కాలికి అర్థం కాలేదు. మొదటి రోజే కుడి చీలమండ రెండు బొంగుల మధ్య ఇరుక్కుంది. కళ్ళ ముందు చుక్కలు. నాకు ఇప్పటికీ గుర్తున్నది ఆ నొప్పి కాదు. బొంగు పట్టుకున్న అమ్మాయి "సారీ, సారీ" అంటూనే తాళం మాత్రం ఆపలేదు. నా కాలు తీసుకుని నేను బయటపడ్డాను, టక్ టక్ ఠాప్ అలాగే నడుస్తోంది, నా వెనకున్నవాడు నా ఖాళీలోకి దూకేశాడు. వారం రోజులు కుంటాను. నాకు ఎముకల మీద ఆసక్తి అక్కడే మొదలైందని మా ఆవిడ అంటూ ఉంటుంది. (నవ్వులు)

ఇదంతా పీఈలోకి ఎలా వచ్చిందంటే, దాని వెనక ఒకావిడ ఉన్నారు. ఫ్రాన్సిస్కా రేయెస్ అక్వినో. ఆవిడ 1920ల నుంచి పల్లెలు పట్టి తిరిగి, ముసలివాళ్ళను అడిగి, ఏ ఊళ్ళో ఏ పండక్కి ఏ అడుగు వేస్తారో, దానికి పాటేమిటో, చెయ్యి ఎక్కడ పెట్టాలో అన్నీ రాసిపెట్టారు. నూనె దీపాలు తల మీద, చేతుల మీద పెట్టుకుని ఆడేది ఒకటి, సారా గ్లాసులు తొణక్కుండా తిప్పేది ఒకటి, ఒంటికి కొబ్బరి చిప్పలు కట్టుకుని వాయించుకునేది ఒకటి. ఇలా వందల రకాలు. ఆవిడ పనిచేసింది వ్యాయామ విద్యలో. అందుకని ఆ డాన్సులు సంగీత కళాశాలలోకి పోకుండా తిన్నగా బడి గ్రౌండ్‌లోకి వచ్చేశాయి. 1973లో ఆవిడకు నేషనల్ ఆర్టిస్ట్ గౌరవం ఇచ్చారు. డాన్స్‌కి ఆ గౌరవం అందుకున్న మొదటి మనిషి ఆవిడే.

దీని ఫలితం ఏమిటో మీరు ఒకసారి ఆలోచించండి. మన దగ్గర ఎవరైనా అమ్మాయి నాట్యం చేస్తుందంటే, ఎవరి దగ్గర నేర్చుకుంది, ఎన్నేళ్ళు, అరంగేట్రం అయిందా అని అడుగుతాం. నేర్చుకోనివాళ్ళు కింద కూర్చుని చూస్తారు. అక్కడ ఖో ఖో ఆడినట్టు అందరూ ఆడి ఉంటారు. బ్యాంకు మేనేజరు ఆడి ఉంటాడు, చేపలమ్మే ఆవిడ ఆడి ఉంటుంది. ఆఫీసు క్రిస్మస్ పార్టీలో డిపార్టుమెంటుకో డాన్స్ ఉండి తీరుతుంది, అందులో బాస్ ముందు వరసలో ఉంటాడు. మనూరి అమ్మాయి ఒకతి, "వీళ్ళకి సిగ్గెందుకు వెయ్యదు సార్?" అని మా అనాటమీ సార్‌ని అడిగింది. ఆయనకి ప్రశ్న అర్థం కాలేదు.

భక్తిలో కూడా అంతే. మనీలాకి దగ్గర్లో ఓబాండో అనే ఊరుంది. ఏటా మే నెల 17, 18, 19 తేదీల్లో పిల్లలు కావాలనుకునే దంపతులు అక్కడికొచ్చి వీధుల్లో ఊరేగింపుతో పాటు డాన్స్ చేస్తూ చర్చికి వెళ్తారు. మొక్కు అంటే కొబ్బరికాయ కొట్టడం, తలనీలాలు ఇవ్వడం మనకి తెలుసు. అక్కడ మొక్కు అంటే కాళ్ళు.

సరే, ఇలా అందరి కాళ్ళూ తయారుగా ఉన్న దేశంలో టీవీ వచ్చి ఒక అడుగు నేర్పిందనుకోండి. ఏమవుతుంది? పెట్రోల్ మీద అగ్గిపుల్ల వేసినట్టే.

వాళ్ళకి మధ్యాహ్నం భోజనం వేళ టీవీ షో ఒక ఆచారం. 'ఈట్ బులాగా' అనే షో 1979లో మొదలైంది. అన్నం తింటూ అందరూ చూసేది అదీ, దానికి పోటీగా వచ్చినవీ. ఈ షోల్లోంచి ఏడాదికి ఒకటో రెండో డాన్సులు బయటికొచ్చి దేశమంతా పాకుతాయి. సెక్స్‌బాంబ్ గర్ల్స్ అని ఒక గ్రూపు. పేరు చూసి కంగారు పడకండి, ఐదేళ్ళ పిల్లల పుట్టినరోజు పార్టీల్లో కూడా వాళ్ళ పాటలే. 2004లో బయానీ అగ్‌బయానీ అనే కమెడియన్ 'ఓట్సో ఓట్సో' అన్నాడు. ఓట్సో అంటే ఎనిమిది, స్పానిష్ నుంచి వచ్చిన మాట. ఈ పాటలు చాలావాటి వెనక ఒకే మనిషి ఉన్నాడు, లీటో కామో. సెక్స్‌బాంబ్ వాళ్ళ హిట్లు, ఓట్సో ఓట్సో, తర్వాత ఇంకో మధ్యాహ్నం షోలో మోగిన 'బూమ్ తరత్ తరత్', ఇవన్నీ ఆయన కట్టినవే.

వీటిని పిచ్చి గెంతులని కొట్టిపారేయడం తేలిక. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. తర్వాత కూర్చుని చూస్తే వాటిలో పనితనం కనిపించింది. పాటే పాఠం చెబుతుంది. కిందికి దిగు అంటుంది, దిగుతావు. పైకి లే అంటుంది, లేస్తావు. నాలుగు కదలికలు దాటవు. అన్నం పళ్ళెం ముందు కూర్చున్న నానమ్మ కూడా పై సగంతో చెయ్యగలిగేలా ఉంటుంది. ఇద్దరు మనుషులు ఒకేలా చెయ్యకపోయినా చెడదు. ఎవరూ తప్పు చెయ్యలేని అడుగు తయారు చెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు. రోగులకి ఎక్సర్‌సైజులు రాసిచ్చేవాణ్ణి కదా, పది చెబితే రెండు చేస్తారు, ఆ రెండూ తప్పే చేస్తారు. (నవ్వులు)

నేను విమానం దిగేసరికి ఊళ్ళో 'పపాయ' నడుస్తోంది. ఎడూ మన్జానో అనే నటుడు ఒక గేమ్ షోలో మొదలుపెట్టాడు. బ్యాంకు ముందు తుపాకీ తగిలించుకున్న సెక్యూరిటీ గార్డు కూడా ఖాళీ దొరికితే చేతులు అలా ఆడించేవాడు. ఆ పాట ఎక్కడిదో తెలుసా? పోలండ్‌ది. ఉర్షులా దుజాక్ అనే జాజ్ గాయని 1976లో పాడింది. అందులో ఒక్క మాట కూడా ఉండదు, గొంతుతో రాగాలూ శబ్దాలే. ముప్ఫై ఏళ్ళ తర్వాత అది వేల మైళ్ళ అవతల దొరికి, భాషే లేదు కాబట్టి వాళ్ళ సొంతమైపోయింది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న దగ్గరికి వస్తాను.

మా హాస్టల్ పక్క సందులో ఒక సరి-సరి స్టోర్ ఉండేది. అంటే మన బడ్డీ కొట్టే, ఇనుప జాలీ వెనకాల నుంచి షాంపూ పాకెట్లు, కోడిగుడ్లు, విడి సిగరెట్లు అమ్ముతారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు కొట్టావిడ నన్ను చూసి "దోంగ్!" అని కేకేసింది. నాకు గుండె ఆగిపోయింది. ఇంకా ఏమీ కొనలేదు, చెయ్యి కూడా పెట్టలేదు, దొంగ అంటుందేమిటి ఈవిడ! (నవ్వులు, చప్పట్లు) నెమ్మదిగా తెలిసింది. అక్కడి బిసాయా భాషలో కుర్రాళ్ళని ముద్దుగా 'దోంగ్' అని పిలుస్తారు, మనం 'ఏరా నాన్నా' అన్నట్టు. ఆరేళ్ళ పాటు నేను ఆ వీధికి దొంగనే.

ఆ కొట్టు ముందు ఒక చెక్క బెంచీ. దాని మీద ఎప్పుడూ ఆరేడుగురు కుర్రాళ్ళు. చదువు లేదు, పని లేదు. మనం జులాయిలంటాం, బలాదూర్‌గా తిరిగేవాళ్ళంటాం. అక్కడి మాట బుడోట్స్. సందు చివర ఇంటర్నెట్ కేఫ్ ఉండేది, గంటకి ఇన్ని పీసోలని. అందులోంచి సాయంత్రమయ్యేసరికి ఒక మోత వచ్చేది. గబగబా కొట్టే బీటు, మధ్యలో ఈల లాంటి ఒక సన్నని శబ్దం, టియు టియు టియు అని. బెంచీ మీది కుర్రాళ్ళు లేచేవాళ్ళు. లేచి నిలబడి ఆడతారనుకుంటాం కదా. వాళ్ళు లేచి, మళ్ళీ కిందికి దిగేవాళ్ళు. గొంతుక్కూర్చునే దాకా దిగి, మడమలెత్తి, మోకాళ్ళని తలుపు రెక్కల్లా తెరిచీ మూసీ తెరిచీ మూసీ ఆడించేవాళ్ళు. పైన చేతులు మాత్రం నీళ్ళలో నాచు కదిలినట్టు మెత్తగా. మొహంలో ఏ భావమూ ఉండదు. అసలు విశేషం అదే. కాళ్ళు పరుగెత్తుతుంటాయి, మొహం బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది.

ఆ డాన్స్ పేరూ బుడోట్స్, ఆ సంగీతం పేరూ బుడోట్సే. డవావోలోనే పుట్టింది. షెర్విన్ టూనా అనే ఆయన, డీజే లవ్ అంటారు, వీధి కుర్రాళ్ళు ఎలా ఊగుతున్నారో చూసి దానికి తగ్గట్టు కంప్యూటర్‌లో బీట్లు కట్టి, వాళ్ళతోనే ఆడించి, వీడియోలు యూట్యూబ్‌లో పెట్టాడు. డ్రగ్స్ జోలికి పోవద్దు, డాన్స్ చెయ్యండి అని వాళ్ళ నినాదం. బుడోట్స్ అనే మాటే జిగురు పీల్చే వీధి పిల్లల్ని పిలిచే మాట నుంచి వచ్చిందని కొందరు అంటారు, అందుకని ఆ నినాదానికి ఇంకో అర్థం కూడా ఉంది. ఆ మెత్తటి చేతుల కదలిక సముద్రం మీద పడవల్లో బతికే బజావ్ జనం ఆటలో ఉంటుందని చూసినవాళ్ళు చెబుతారు.

మా క్లాసులో మంచి కుటుంబాల పిల్లలు దీన్ని చూసి మూతి తిప్పుకునేవాళ్ళు. అలాంటి అభిరుచికి ఫిలిప్పీన్స్‌లో ఒక పాత మాట ఉంది, 'బక్యా'. బక్యా అంటే చెక్క చెప్పులు. పేదవాళ్ళు తొడుక్కునేవి. మనం 'నేల టికెట్ వాళ్ళు' అంటామే, సరిగ్గా అదే. ఇద్దరమూ ఒకే మనిషిని తిట్టాం, మనం కూర్చునే చోటు పట్టుకుని తిట్టాం, వాళ్ళు కాలి చెప్పు పట్టుకుని తిట్టారు.

ఆ తర్వాత ఏమైందో వినండి. 2019 ఎన్నికలు. బాంగ్ రెవిల్లా అనే సినిమా నటుడు, అంతకు ముందు సెనేటర్, అవినీతి కేసులో ఏళ్ళ తరబడి నిర్బంధంలో ఉండి 2018 డిసెంబర్‌లో నిర్దోషిగా బయటపడ్డాడు. సెనేట్‌కి నిలబడ్డాడు. టీవీలో ఆయన ప్రచార ప్రకటన వచ్చింది. రోడ్లు వేస్తాననలేదు, బియ్యం ధర తగ్గిస్తాననలేదు. బుడోట్స్ ఆడాడు. అంతే. దేశమంతా తిట్టారు, దేశమంతా చూశారు, గెలిచాడు. 2025లో మళ్ళీ నిలబడి ఓడిపోయాడనుకోండి, అది వేరే సంగతి. నాకు గుర్తొచ్చింది మాత్రం ఆ బెంచీ. పని లేనివాడి ఆటని పని కోసం వాడుకున్నాడు ఒకాయన. బెంచీ మీదివాళ్ళకి ఆ పని దొరికిందా అంటే, ఏం చెప్పమంటారు?

మీలో కొందరు అనుకుంటూ ఉంటారు, ఇదంతా వీధి సరుకు, ఇందులో కళ ఎక్కడుందని. అదే డవావో నుంచి ఇంకొకావిడ గురించి చెబుతాను. ఆగ్నెస్ లొక్సిన్. వాళ్ళమ్మ డవావోలో డాన్స్ స్కూలు నడిపేవారు. ఆగ్నెస్ బ్యాలే నేర్చుకుని, మనీలా వెళ్ళి బ్యాలే ఫిలిప్పీన్స్‌తో పనిచేశారు. ఆలిస్ రేయెస్ అనే నర్తకి 1969లో నిలబెట్టిన కంపెనీ అది, ఆ దేశంలో ఆధునిక నాట్యానికి పెద్ద దిక్కు. బ్యాలే అంటే మీకు తెలుసు, బొటనవేలి మీద నిలబడి నేలతో సంబంధం లేనట్టు పైకి పోవడం. నేను డాక్టర్ భాషలో చెబుతాను, గురుత్వాకర్షణ లేదని అబద్ధమాడటం. ఆగ్నెస్ ఆ బ్యాలే ఒంటిని తీసుకుని కిందికి దించారు. మోకాలు వంచారు. పాదం నేలకి ఆనించారు. ఉత్తరాన కొండల్లో ఉండే ఇగొరోట్ తెగలు నేలని తొక్కే తీరునీ, దక్షిణాన గిరిజనుల కదలికల్నీ బ్యాలే చదువుకున్న కాళ్ళలోకి ఎక్కించారు. 1992లో 'ఎన్‌కాంతాదా' అనే పెద్ద నాట్యం కట్టారు, కొండని కాచే ఒక మాయావి కథ. 2022లో ఆవిడ కూడా నేషనల్ ఆర్టిస్ట్ అయ్యారు.

నేను ఆవిడ నాట్యం వీడియో ఒకటి ఇంట్లో చూస్తున్నాను. మా అబ్బాయి పక్కనే కూర్చుని, "నాన్నా, వీళ్ళకి మోకాళ్ళు నొప్పి పుట్టవా?" అన్నాడు. డాక్టరు కొడుకు కదా. (నవ్వులు) పుడతాయి. గొంతుక్కూర్చుని లేచేటప్పుడు మోకాటి చిప్ప మీద పడే ఒత్తిడి ఒంటి బరువుకి ఎన్నో రెట్లు ఉంటుంది. వీధిలో బుడోట్స్ ఆడేవాడికీ అంతే పడుతుంది, థియేటర్లో ఆగ్నెస్ లొక్సిన్ దగ్గర ఆడేవాళ్ళకీ అంతే పడుతుంది. మోకాలికి వీధి, థియేటర్ తేడా తెలియదు. మనీలాలో టికెట్ కొనుక్కుని ఒకదానికి లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళే రెండోదాన్ని చూసి బక్యా అన్నారు. నాకు ఆ తేడా ఇప్పటికీ మింగుడు పడదు.

జైలు డాన్స్ గురించి చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. ఆ దేశంలోనే సెబూ అనే చోట ఉన్న జైలు. నారింజ రంగు బట్టల్లో 1,500 మందికి పైగా ఖైదీలు మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'కి బారులు తీరి ఆడారు. 2007 జూలైలో యూట్యూబ్‌లోకి వచ్చింది, ప్రపంచమంతా చూసింది. బైరన్ గార్సియా అనే ఆయన ఆ జైలు బాధ్యత చూస్తూ వ్యాయామంగా మొదలుపెట్టాడు. 2010లో మైకేల్ జాక్సన్ దగ్గర పనిచేసిన ట్రావిస్ పేన్ స్వయంగా వెళ్ళి వాళ్ళకి నేర్పించాడు. బయటివాళ్ళని లోపలికి రానిచ్చి ప్రదర్శనలు కూడా పెట్టారు. కొట్లాటలు తగ్గాయన్నారు. అయి ఉండొచ్చు. నేనూ మొదట ఈలలు వేసి చూశాను. తర్వాత ఒకటి తెలిసింది. అక్కడున్నవాళ్ళలో చాలామందికి ఇంకా శిక్షే పడలేదు, విచారణ ఖైదీలు. కేసు ఎప్పుడు తేలుతుందో తెలియని మనిషికి, రేపు పొద్దున్న రిహార్సల్‌కి రాను అనే వీలుందా? ఆ వీడియో మళ్ళీ చూడండి. ముందు వరసలో వాళ్ళ మొహాలు చూడకండి, వెనక వరసల్లో వాళ్ళవి చూడండి.

దీనికి దగ్గరగా ఇంకొకటి. 2011లో ఒక టీవీ షోలో ఆరేళ్ళ పిల్లవాడు ఏడుస్తూ డాన్స్ చేశాడు. చేసింది మాచో డాన్స్. అంటే క్లబ్బుల్లో మగవాళ్ళు ఒళ్ళు చూపిస్తూ డబ్బుల కోసం చేసేది. పిల్లాడు ఏడుస్తున్నాడు, నడుం తిప్పుతున్నాడు, స్టూడియోలో జనం నవ్వుతున్నారు, బహుమతిగా 10,000 పీసోలు ఇచ్చారు. పెద్ద గొడవైంది. మేం హాస్టల్ టీవీలో చూశాం. ఎవరూ మాట్లాడలేదు.

మాచో డాన్స్‌లో ముఖ్యమైన కదలికని 'గిలింగ్' అంటారు. రుబ్బడం అని అర్థం. మాంసం కైమా చేస్తే దాన్ని కూడా ఆ మాటతోనే పిలుస్తారు. నడుముతో నెమ్మదిగా రుబ్బుతూ, మోకాలు వంచి, నేలని అంటిపెట్టుకుని, బరువంతా కిందికి. చూశారా, మళ్ళీ కిందికే.

2013లో ఐసా జోక్సన్ అనే కళాకారిణి 'మాచో డాన్సర్' పేరుతోనే ఒక నాట్యం తయారు చేసింది. ఆమె ఆడది. చిన్నప్పుడు బ్యాలే, తర్వాత చిత్రకళ చదువు, ఆ తర్వాత పోల్ డాన్స్. నిలువు స్తంభం పట్టుకుని గాల్లో తిరిగేది పోల్ డాన్స్, నేలని పట్టుకుని ఉండేది మాచో డాన్స్. ఆ రెండో దాన్ని మగ డాన్సర్ల దగ్గర నేర్చుకుని, వాళ్ళలాగే బూట్లు, చిన్న నిక్కరు వేసుకుని, యూరప్‌లో పెద్ద పెద్ద థియేటర్లలో ఒంటరిగా ఆడింది. నేను వీడియోలోనే చూశాను. మొదటి ఐదు నిమిషాలు నాకు ఇబ్బందిగా అనిపించింది. తర్వాత ఆ ఇబ్బంది ఆమెని చూసి కాదనీ, డబ్బిచ్చి చూసే కుర్చీలో నేను కూర్చున్నాననీ తెలిసొచ్చింది. ఆ కుర్చీని చూపించడానికే ఆమె అదంతా చేసింది.

ఆమె తర్వాతి పనులు కూడా ఆ దారిలోనివే. జపాన్ క్లబ్బుల్లో ఆడిపాడే ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళ మీద ఒకటి చేసింది. 2004లో ఒక్క ఏడాదే 80,000 మందికి పైగా ఆ వీసా మీద జపాన్ వెళ్ళారు, మర్నాటి ఏడాది నుంచి జపాన్ నిబంధనలు బిగించింది. ఇంకోటి 'హ్యాపీల్యాండ్'. హాంకాంగ్ డిస్నీల్యాండ్‌లో డాన్సర్లు చాలామంది ఫిలిప్పీన్స్ వాళ్ళే. డాన్స్ బ్రహ్మాండంగా చేస్తారు, పాట పాడతారు, నవ్వుతారు. కానీ స్నో వైట్ వేషం మాత్రం వాళ్ళకి రాదు. జీబ్రా వేషం, కోతి వేషం, సముద్రం అడుగున పగడపు మొక్క వేషం. ఐసా ఏం చేసిందంటే, తానే స్నో వైట్ గౌను వేసుకుని, ఆ సన్నటి గొంతు, ఆ మెడ వంపు, ఆ నవ్వు అచ్చు గుద్దినట్టు నేర్చుకుని స్టేజీ ఎక్కింది. కాసేపు ముద్దుగా ఉంటుంది. ఆ నవ్వు ఆగకుండా సాగేకొద్దీ భయం వేస్తుంది. హ్యాపీల్యాండ్ అనే పేరుతో మనీలాలో నిజంగానే ఒక చోటుంది. తోందో ప్రాంతంలో, చెత్త ఏరుకుని బతికేవాళ్ళ మురికివాడ.

(ఒక విద్యార్థిని: సార్, అంటే వాళ్ళు చేసేదంతా కాపీయేనా? మైకేల్ జాక్సన్, డిస్నీ, ఇప్పుడు కే-పాప్...)

మంచి ప్రశ్న అమ్మా. వాళ్ళ మీద వాళ్ళే వేసుకునే జోకు ఒకటుంది. "మూడు వందల ఏళ్ళు కాన్వెంట్‌లో ఉన్నాం, యాభై ఏళ్ళు హాలీవుడ్‌లో ఉన్నాం" అంటారు. స్పెయిన్ పాలన, తర్వాత అమెరికా పాలన. కాపీ చెయ్యడం వాళ్ళకి బతుకుతెరువు అయ్యింది. ఓడల్లో, హోటళ్ళలో, పార్కుల్లో ఎవరు ఏది అడిగితే అది ఆడిపెట్టాలి. కాపీ బాగా చేసేవాడికే కదా ఉద్యోగం? అంత మాత్రాన అది చిన్నదేం కాదు. హిప్ హాప్ తీసుకో, అమెరికా వాళ్ళది. ఫిలిప్పీన్ ఆల్‌స్టార్స్ అనే బృందం 2006లో, మళ్ళీ 2008లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలుచుకొచ్చింది.

ఇంకో ముచ్చట. సారా జెరోనిమో పాట 'తాలా' తెలుసా? తాలా అంటే చుక్క. పాట వచ్చినప్పుడు ఒక మోస్తరుగా నడిచింది. నాలుగేళ్ళ తర్వాత, 2019 చివర్లో, గే కుర్రాళ్ళు క్లబ్బుల్లో, వీడియోల్లో దాన్ని ఆడి ఆడి లేపారు. 2020 మొదట్లో పోలీసులు ఆడారు, టీచర్లు ఆడారు, నా క్లాస్‌మేట్ ఒకతను ఆపరేషన్ థియేటర్ బట్టల్లో ఆడి నాకు పంపాడు. ఆ అడుగుని ఎవరు బతికించారో గుర్తు పెట్టుకోవాలి కదా. ఇప్పుడు బినీ, ఎస్‌బీ19 అని వాళ్ళ సొంత గ్రూపులు వచ్చాయి. 2023లో వచ్చిన వాళ్ళ పాటలు 'పాన్‌ట్రోపికో', 'జెంటో' మన రీల్స్‌లో కూడా తిరిగాయి, మీరు చూసే ఉంటారు. వాటి గురించి నా కన్నా నీకే ఎక్కువ తెలుసు, నేను వదిలేస్తాను.

కానీ ఒకటి చెప్పాలి. 2024లో 'ఎమర్జెన్సీ బుడోట్స్' అని ఒకటి తిరిగింది. 1984 నాటి మయామీ పాట ఒకదాని మీద బుడోట్స్ బీటు ఎక్కించారు. దానికి కొరియా వాళ్ళ పెద్ద పెద్ద స్టార్లు మోకాళ్ళు ఆడించారు. కొరియా వాళ్ళని చూసి ఫిలిప్పీన్స్ పిల్లలు నేర్చుకోవడం నేను ఆరేళ్ళు చూశాను. ఇది వెనక్కి తిరిగింది. నేను ఆ రాత్రి ఫోన్‌లో కొరియా స్టార్ మోకాళ్ళు చూస్తున్నాను, నా కళ్ళకి మాత్రం ఆ సరి-సరి స్టోర్ ముందు బెంచీ కనిపిస్తోంది. కొట్టావిడకి మెసేజ్ పెట్టాను, చూశావా అటే, అని. అటే అంటే అక్క. ఆవిడ నవ్వు బొమ్మ ఒకటి పంపి, "దోంగ్, నీ దగ్గర ఇంకా నూట ఇరవై పీసోల బాకీ ఉంది" అంది. (పెద్దగా నవ్వులు)

సరే, టైమ్ అయిపోతోందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ఆ బొంగులు ఇలా తీసుకురండి. ఇద్దరు పట్టుకోవాలి. బాబూ, నువ్వు ఆ చివర, మీరు ఈ చివర. కింద చెక్క పెట్టండి, లేకపోతే వేళ్ళు నలుగుతాయి. ప్రశ్న అడిగిన అమ్మాయీ, నువ్వే రా తల్లీ. చెప్పులు అక్కడ విడిచెయ్. చుడిదార్ కొంచెం పైకి మడుచుకో. రెండు టక్కులకి లోపల, ఠాప్‌కి బయట. బొంగులు పట్టుకున్నవాళ్ళు ఒకటి గుర్తు పెట్టుకోండి, ఎవరి కాలు ఇరుక్కున్నా సరే, సారీ చెప్పండి, తాళం మాత్రం ఆపకండి. రెడీయా? టక్, టక్...